నా తల పట్టుకున్న చేతులు

నేను మెయింటెనెన్సు మనిషిని. యంత్రం వింతగా చప్పుడు చేస్తే బేరింగు విప్పి చూస్తాను గాని గాలి సోకిందనుకోను. సూరత్ నుంచి హజీరా వెళ్ళే మా కంపెనీ బస్సులో డుమస్ తీరంలో తిరిగే దయ్యాల గురించి కథలు చెప్పుకుంటుంటే కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. నాకు జరిగినదాంట్లో దయ్యం లేదు కూడా. అందుకే దీన్ని ఎవరికి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మాది జగిత్యాల వైపు పల్లె. నాన్న మరమగ్గాల పనికని సూరత్ వచ్చి నవాగామ్‌లో స్థిరపడ్డాడు. నేను ఐటీఐ చదివి హజీరాలో ఉద్యోగంలో చేరాక సూరత్‌లోనే పాల్ వైపు ఇల్లు తీసుకున్నాను. మా అక్క లక్ష్మి పెళ్ళయ్యాక కూడా నవాగామ్‌లోనే ఉండిపోయింది. బావ చనిపోయాక ఇంట్లోనే చీరలకు లేసు కుడుతూ కూతురు కావ్యను కాలేజీలో చదివిస్తోంది.

నాన్నకున్న షుగరు మా ఇద్దరికీ వచ్చింది. నవాగామ్‌లో కంటి శిబిరం పెట్టినప్పుడు అక్కే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇద్దరికీ ఒకే మాట చెప్పారు. షుగరు వల్ల కంటి వెనక పొర మీద బలహీనమైన రక్తనాళాలు పుట్టుకొస్తున్నాయి, లేజరు చేయించుకోకపోతే ఏదో ఒకరోజు చిట్లుతాయి అన్నారు. అప్పటికి మా ఇద్దరి చూపూ బాగానే ఉంది. నాకు బోర్డులు కనిపిస్తున్నాయి, అక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. బాగున్న కంటికి వైద్యమేమిటని మాకు తొందర పుట్టలేదు.

ఆస్పత్రిలో ఒక్కో కంటికి కొన్నిసార్లు రావాలన్నారు. చుక్కల మందు వేశాక చూపు మసకబారుతుంది కాబట్టి అక్కను ఒక్కదాన్నే పంపడానికి లేదు. నాకేమో శనివారాలే వీలు.

“ముందు నాది కానియ్ అక్కా. ఎట్లుంటదో చూసి నిన్ను తీస్కపోత” అన్నాను.

“గట్లనే కానియ్ తమ్మీ. నాకేం తొందర. పెండ్లిళ్ళ సీజను, చీరలు గుట్టలు పడ్డయ్” అంది అక్క.

మొదటిసారి నేను సరిగా కూర్చోలేకపోయాను. చీకటి గది. గడ్డం యంత్రానికున్న చిన్న దిమ్మ మీద పెట్టి, నుదురు పట్టీకి ఆనించాలి. మొద్దుబార్చే చుక్కలు వేసి కంటి మీద ఒక అద్దం ఉంచుతారు. ఆ తర్వాత ఆకుపచ్చ మెరుపులు, ఒకదాని వెనక ఒకటి. కొన్ని ఊరికే మెరిసి పోతాయి. కొన్ని మాత్రం తల వెనక సూది గుచ్చినట్టు తగులుతాయి. తగిలినప్పుడల్లా నా తల వెనక్కి పోయేది. డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ. “హిలో మత్ భాయ్”, కదలొద్దు అని చెప్పిచెప్పి, చివరికి యంత్రం ఆపేసింది. కదిలితే లేజరు పడకూడని చోట పడుతుంది, చూపు పోతుంది, మిగతాది వచ్చేసారి చేద్దాం అంది.

ఆ సాయంత్రం అక్కకు ఫోనులో అంతా చెప్పాను. ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చెప్పాను. కదిలితే కన్ను పోతుందట అని కూడా అన్నాను. “జర గట్టిగ కూసో తమ్మీ” అంది అక్క.

తర్వాత ఒక శనివారం నాకు ఖాళీ దొరికింది. ఆ వారం డాక్టరు నన్ను రమ్మనలేదు. అక్కను తీసుకెళ్ళవచ్చు. అమ్మను తీసుకెళ్తావా అని కావ్య కూడా ఫోను చేసి అడిగింది. కళ్ళు లాగుతున్నాయి, నాది పూర్తి కానివ్వు అని చెప్పి ఇంట్లో పడుకున్నాను. నిజానికి కళ్ళు లాగడం లేదు. మళ్ళీ ఆ గది వైపు వెళ్ళబుద్ధి కాలేదు.

రెండోసారి నా భార్య సునీత తోడు వచ్చింది. ఉదయం వేళ, హాలు నిండా జనం. నన్ను లోపలికి పిలిచినప్పుడు సునీత ఆ గది తలుపు పక్క కుర్చీలోనే కూర్చుంది.

మెరుపులు మొదలయ్యాయి. గట్టిగా తగిలిన మొదటి దానికే నా తల కదలబోయింది. అప్పుడు వెనక నుంచి ఎవరో రెండు చేతులతో నా తల పట్టుకున్నారు. సిస్టరు అనుకున్నాను. కదిలే రోగుల తల అలా పట్టుకుంటారని హాల్లో ఎవరో చెప్పగా విన్నాను. అందుకని ఆశ్చర్యం కలగలేదు. తల నిలబడింది. మెరుపులు సాగుతూనే ఉన్నాయి.

కాసేపటికి ఆ పట్టు నాకు తెలిసినదిగా తోచింది. బొటనవేళ్ళు చెవుల వెనక, మిగతా వేళ్ళు కణతల మీద. చిన్నప్పుడు నాకు గుండు చేయిస్తుంటే ఏడ్చి కదులుతానని అక్క అలాగే పట్టుకునేది. కుడిచేతి చూపుడువేలి కొన గరుకుగా తగిలింది. రోజంతా సూది నెట్టే వేలు అలాగే ఉంటుంది. తల తిప్పే వీలు లేదు, మాట్లాడే వీలు లేదు. అలాగే కూర్చున్నాను.

పని పూర్తయ్యాక ఆ చేతులు మెల్లగా జారిపోయాయి.

“ఈసారి చాలా బాగా కూర్చున్నారు” అంది డాక్టరమ్మ హిందీలో.

“సిస్టర్ పట్టుకున్నారు కదా మేడం” అన్నాను.

“సిస్టర్ బయట చుక్కలు వేస్తోంది. ఇక్కడ ఉన్నది మనిద్దరమే” అందావిడ, లైటు వేస్తూ.

లేజరు పడిన కంటికి కాసేపు అంతా ఊదారంగు చీకటే. ఆ మసకలోనే వెనక్కి తిరిగి చూశాను. గోడ, మూసిన తలుపు. బయటికి వచ్చి, లోపల నా తల పట్టుకున్నదెవరని సునీతను అడిగితే, నువ్వు వెళ్ళాక తలుపు ఎవరూ తీయలేదంది. సిస్టరు కూడా తాను లోపలికి రాలేదనే చెప్పింది.

ఆటో ఎక్కాక సునీత సంచిలోంచి ఫోను తీసి చూసింది. కావ్య నుంచి ఎన్నోసార్లు ఫోను వచ్చి ఉంది. తిరిగి చేస్తే, అమ్మకు కన్ను బాలేదు రండి అంది. అక్కణ్ణించి నేరుగా నవాగామ్ వెళ్ళాం.

అక్క మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన సగం లేసు కుట్టిన చీర. “ఏం లేదు తమ్మీ, ఎడమ కంట్ల నల్లగ పొగ లెక్క ఊగుతుంది. నీదెట్లయింది? మంచిగైందా?” అని అడిగింది. ఆ రోజు నా కళ్ళు మసక, ఆమె కన్ను మసక. ఒకరి ముఖం ఒకరికి సరిగా కనబడలేదు.

కావ్య మమ్మల్ని బయట వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది.

“మామా, అమ్మ లేసు కుడుతుండె. అచానక్ సూది పక్కకు పెట్టింది. రెండు చేతులు గిట్ల ముందుకు చాపి, ఏందో పట్టుకున్నట్టు కూసుంది. పిలిస్తే పలకలే. మజాక్ చేస్తుందనుకున్న. చానాసేపు గట్లనే ఉంది. చేతులు దించినంక, బిడ్డా, కంట్ల నల్లగైతుంది అన్నది.”

చెబుతూ ఆ పిల్ల తన చేతులు పట్టి చూపించింది. వేళ్ళు కొద్దిగా వంచి, రెండు బొటనవేళ్ళూ తన వైపుకు పెట్టి. ఆ చేతుల మధ్య ఒక తల పట్టేంత చోటుంది. సునీత నా వైపు చూసింది. ఆస్పత్రిలో నేను వేసిన ప్రశ్న ఆమెకు మాత్రమే తెలుసు. కావ్యకు మేము ఏమీ చెప్పలేదు.

సోమవారమే సెలవు పెట్టి అక్కను అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తనాళం చిట్లి కంటి లోపల రక్తం నిండింది. “శిబిరంలో అప్పుడే చెప్పారంటున్నారు, ఇంతకాలం ఎందుకు ఆగారు?” అని ఆవిడ అడిగింది. నేను నోరు తెరిచేలోపే అక్క జవాబిచ్చింది. “కామ్ జ్యాదా థా మేడం.” పని ఎక్కువుండిందట. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను.

రక్తం దానంతట అది తగ్గుతుందేమోనని కొన్ని వారాలు చూశారు. తగ్గలేదు. ఆపరేషను చేశారు. ఆ కంటితో ఇప్పుడు వెలుతురూ, ఎదుట చెయ్యి కదిలితే ఆ నీడా తెలుస్తాయి, అంతే. కుడి కంటికి లేజరు చేయించాం. ఆ చూపు నిలిచింది. ప్రతిసారీ నేనే వెంట వెళ్ళాను. ఆమె ఒక్కసారి కూడా కదల్లేదట.

నా చికిత్స మిగిలిన రోజుల్లో ఆ యంత్రాన్ని పరిశీలనగా చూశాను. తల వెనక బిగించే పట్టీ ఏదైనా ఉందేమో, నేనే పొరబడ్డానేమో అని. ముందు నుదుటి పట్టీ తప్ప వెనక ఏమీ లేదు. భయంలో ఊహించుకున్నానా అంటే, కావ్య చూసినదానికి జవాబు లేదు. అక్క కంట్లో రక్తం కారడానికీ నా లేజరుకూ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నేను నమ్ముతాను. నేను ముందే తీసుకెళ్ళి ఉంటే ఆ కన్ను దక్కేదేమో కదా అని మాత్రం ఆవిడను అడగలేదు.

అక్కను ఒకసారి అడిగాను. ఒక ఆదివారం అందరం డుమస్ వెళ్ళాం. టమాటా బజ్జీల బండి దగ్గర బెంచీ మీద మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

“అక్కా, ఆ దినం చేతులు గట్లెందుకు పట్టినవ్?”

“ఏమో తమ్మీ, యాదికి లేదు. నువ్వు ఆడ కూసున్నవని మనసుల ఉండె. కదిలితే కన్ను పోతదని నువ్వే చెప్తివి గద. జర బుగులైంది, గంతే” అంది అక్క. చల్లారిపోతున్నాయని బజ్జీల ప్లేటు నా వైపు జరిపింది.

అంతకు మించి అడగలేకపోయాను. ఆ గదిలో నా తల పట్టుకున్నది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. దయ్యమై ఉంటే ఆ గది ముఖం మళ్ళీ చూడకుండా తప్పించుకునేవాణ్ణి. అక్క ఇంటికి మాత్రం వారం వారం వెళ్తూనే ఉన్నాను. భోజనానికి కూర్చోబెట్టి, ఎడమ పక్కనున్న మంచినీళ్ళ గ్లాసును వేళ్ళతో తడుముకుని నా ముందు పెడుతుంది. నేను కంచంలోకి చూస్తూ తింటాను.