నత్తి నిజమని నమ్మించడానికి మానేసిన పాట

సిద్దిపేటలో ఐదో తరగతి చదివేటప్పుడు నాకు బాగా నత్తి. పాడితే మాత్రం ఒక్క మాటా తడబడేది కాదు. ఆ ఏడు బతుకమ్మకు వాడలో ఆడవాళ్లందరికీ నేనే పాట చెప్పాను. మా క్లాస్ మేడమ్ కూడా మాతో చప్పట్లు కొడుతూ తిరిగారు.

దసరా సెలవులయ్యాక క్లాసులో పాఠం చదవబోయి మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

“బతుకమ్మ కాడ గంత మంచిగ పాడినవ్, చదువుమంటె నాటకాలు చేస్తున్నవా?” అన్నారు మేడమ్. పిల్లలంతా నవ్వారు.

నా నత్తి నిజమేనని నమ్మించడానికి ఆ రోజే పాడటం మానేశాను.

కాలేజీలో చేరాక స్పీచ్ థెరపిస్టు చెప్పింది: “పాడేటప్పుడు నత్తి రాకపోవుడు మామూలే బిడ్డా.” ఆ ముక్క మేడమ్‌కూ నాకూ అప్పుడే తెలిసుంటే!

మొన్న బతుకమ్మకు అమ్మ, “ఒక్క పాటన్న ఎత్తుకో బిడ్డా” అని బతిమాలింది. చప్పట్లు కొడుతూ తిరిగాను గానీ, పాటకు నోరు పెగల్లేదు.