నాలుగుసార్లు వెలిగి ఆగిన దీపాలు

నాకు ఎవరూ చదువు చెప్పలేదు. రేడియోలు విప్పి, కాలిన పార్టుల వాసన చూసి నేర్చుకున్నాను. కెనడాలోని సార్నియాలో ముప్పై ఏళ్ళు కెమికల్ ప్లాంటులో పనిచేశాను. నేను చూపించిన లోపాన్ని డిగ్రీ ఉన్నవాడెవడో మళ్ళీ చూపించేదాకా అక్కడ ఎవరూ కాగితం మీద పెట్టేవారు కాదు. ఆ యంత్రాల హోరుకి నా చెవులు పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అందుకుంటాను, అంతే. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అయితే నేను చేసిన తప్పు ముందు అది చిన్నదైపోయిన రోజు ఒకటుంది.

ఉండటానికి గది ఉందో లేదో చూడకుండా ఈ దేశంలో కాలేజీలు మన పిల్లలకి సీట్లు ఇచ్చుకుంటూ పోయిన రోజులవి. ఒక్కో గదిలో ఐదుగురిని కుక్కుతున్నారని విని ఒళ్ళు మండి, మా బేస్‌మెంట్‌ని ఇద్దరమ్మాయిలకి ఇచ్చాను. ఒకమ్మాయిది గుంటూరు, ఇంకో అమ్మాయిది కరీంనగర్. కరీంనగర్ అమ్మాయి ఎలక్ట్రానిక్స్ చదువుతూ రాత్రిళ్ళు కాఫీ షాపులో పనిచేసి పగలు నిద్రపోయేది.

ఆ అమ్మాయే ఒక ఆదివారం అగ్గిపెట్టెలో సగమంత ఉన్న కంట్రోలర్ బోర్డు, చిన్న మైకు, ఎల్‌ఈడీ పట్టీ తెచ్చి నా వంటింటి బల్ల మీద పరిచింది.

"మేం కిందికెల్లి ఎంత పిలిచినా మీకు ఇనబడతలేదు అంకుల్. లైటు ఎలిగితే చూస్తరు గదా."

కోడ్ తను రాసింది, టంకం నేను పెట్టాను. మైకుని బేస్‌మెంట్ మెట్ల పైన బిగించి, పట్టీని పొయ్యి పక్క అల్మారా చుట్టూ అంటించాం. మొదట ఎవరూ పిలవకుండానే వెలిగేది. మైకు తీగనీ కరెంటు తీగనీ కలిపి చుట్టేసింది మరి. నేను వాటిని విడదీసి, ఒక కెపాసిటర్ వేస్తే కుదురుకుంది.

"ఇది మాకు క్లాసుల చెప్పలే," అంది.

"క్లాసులో చెప్పేవాళ్ళకి వేళ్ళు కాలవు కదమ్మా," అన్నాను. గర్వం దాచుకోలేదు.

మా ఊళ్ళో ప్రతి సోమవారం మధ్యాహ్నం సైరన్ పరీక్షిస్తారు. ప్లాంటుల్లో గ్యాస్ లీకైతే మోగించే సైరన్ అది. ఎన్నో ఏళ్ళుగా నాకు వినబడని ఆ సైరన్‌కి పట్టీ వెలుగుతుంటే, చేతిలో గరిటె పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాను.

ఒక్క చికాకు మిగిలింది. కింద ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఫ్యాను తిరిగినప్పుడల్లా పట్టీ మినుకుమినుకుమనేది. మైకు బోర్డు మీద శబ్దం హెచ్చుతగ్గులకి చిన్న మర ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాను.

"మరీ తగ్గియ్యకుండ్రి. మేం పిలిచినా ఎలగదు," అని ఆ అమ్మాయి చెప్పింది. చిన్నపిల్ల నాకు చెప్పేదేమిటి అనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. వాళ్ళు కింద ఎండుమిర్చి పోపు వేస్తే చాలు, అక్కడి పొగ అలారం మోగేదట. పొగకీ, వాసన తెలియని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కీ కలిపి అదొక్కటే పెట్టె. పోపు వేసేటప్పుడు విప్పి పక్కన పెట్టుకోండమ్మా అని నేనే చెప్పాను. మళ్ళీ బిగించారో లేదో చూడలేదు.

రెండు రోజులు మంచు కురిశాక వచ్చిన సోమవారం. పొద్దున్నే దారి శుభ్రం చేసి, ఎత్తిన మంచంతా ఇంటి పక్క గోడవారన పోశాను. గుంటూరు అమ్మాయి కాలేజీకి వెళ్ళింది. మధ్యాహ్నం నేను అన్నం పెట్టుకుంటుంటే పట్టీ వెలిగింది. సైరన్ అనుకున్నాను. ఎంతకీ ఆగకపోతే ఫర్నేస్ గోల అనుకుని, విసుక్కుంటూ లేచి మర తగ్గించాను. పట్టీ ఆరిపోయింది. వచ్చి కూర్చుని రెండు ముద్దలు తిన్నాను.

మూడో ముద్ద నోటిదాకా రాలేదు. ఇందాక పట్టీ నాలుగుసార్లు వెలిగి, ఆగి, మళ్ళీ నాలుగుసార్లు వెలిగిందని గుర్తొచ్చింది. ఫ్యాను అలా లెక్కపెట్టదు. నాలుగు కూతలు, కాస్త విరామం, అంటే కార్బన్ మోనాక్సైడ్ అని ఆ అలారం వెనక రాసి ఉంటుంది. బిగించిన రోజు చదివింది నేనే.

పరుగెత్తి మర పెంచాను. నాలుగు వెలుగులు. చీకటి. నాలుగు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. గది తలుపు బాదాను. కరీంనగర్ అమ్మాయి లోపలినుంచి పలికినా నాకు వినబడదు. అడుగుల అదురు తెలుస్తుందేమోనని తలుపుకి అరచేయి ఆనించాను. ఏమీ లేదు. భుజంతో నెట్టేసరికి గడియ ఊడింది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో, దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఎంత కుదిపినా కదల్లేదు. చెంప మీద కొట్టాను. అప్పుడు కళ్ళు సగం తెరిచింది.

చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. గుమ్మం దాటాక మంచులో వాంతి చేసుకుంది. నా కోటు కప్పి అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. అవతలివాళ్ళు విన్నారో లేదో తెలియక చిరునామా చెప్పిందే చెబుతుంటే, తనే ఫోన్ తీసుకుంది.

ఫైరింజన్ వచ్చింది. ఒకతను మీటరు పట్టుకుని లోపలికెళ్ళి వచ్చి, పక్క గోడ దగ్గర మంచు తవ్వాడు. ఫర్నేస్ పొగ బయటికి పోయే గొట్టం మూతి కనిపించింది. మాస్కు తియ్యకుండానే నావైపు తిరిగి ఏదో అడిగాడు.

"ఈ మంచు ఇక్కడ ఎవరు పోసిన్రు అంటున్నడు," అంది ఆ అమ్మాయి.

"నేనే అని చెప్పు."

ఇంకొకతను కింది గది అల్మారాలో తువ్వాల్లో చుట్టి పెట్టిన అలారం తెచ్చి చూపించాడు. అతని ప్రశ్న నాదాకా రానివ్వకుండా ఆ అమ్మాయి తన గుండె మీద వేలు పెట్టుకుంది.

"కాదు. తియ్యమన్నది నేనని చెప్పు," అన్నాను.

అంబులెన్స్ ఎక్కేదాకా ఆ మాట తను వాళ్ళకి చెప్పలేదు.

ఆక్సిజన్ పెట్టి సాయంత్రానికి పంపించారు. అప్పటికి నేను రెండు కొత్త అలారాలు బిగించి ఉంచాను. రేడియోల రోజుల్లో ట్యూనింగ్ కుదిరాక, మళ్ళీ ఎవరూ తిప్పకుండా మర మీద గోళ్ళరంగు చుక్క వేసేవాళ్ళం. ఆ అమ్మాయిని సీసా అడిగాను. మరని పూర్తిగా పెంచి, నా చేత్తోనే చుక్క వేశాను.

ఇప్పుడు నేను దగ్గినా, గరిటె జారినా పట్టీ వెలుగుతుంది. వెలిగినప్పుడల్లా తింటున్న చెయ్యి ఆగిపోతుంది. ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టుకుంటాను.