పై అరకు ఎక్కిన భక్తి పుస్తకాలు

కిరణ్మయి ఆస్ట్రేలియాలో, బ్లాక్‌టౌన్ దగ్గర స్థానిక కౌన్సిల్ నడిపే ఒక లైబ్రరీలో పనిచేస్తుంది. నలభై దాటాక ఇక్కడే చదివి లైబ్రేరియన్ అయింది. తన వృత్తివాళ్ళు చదివే పత్రికలో ఒక్క వ్యాసమైనా పడాలని ఆమె కోరిక. ఏం రాయాలో చాలాకాలం తోచలేదు. దేవుడే చూపించాడేమో, విషయం లైబ్రరీలోని తెలుగు పుస్తకాల బీరువాలోనే దొరికింది.

అందులో నవలలు పైన, భక్తి పుస్తకాలు అట్టడుగు అరలో ఉండేవి. గురువారం సాయంత్రం సర్దబోతే వ్రతకథలు, స్తోత్రాలు నవలల పక్కకెక్కి కూర్చునేవి. ఆమె కిందికి దించేది. మళ్ళీ గురువారానికి పైనే!

ఎవరు పెడుతున్నారు, ఎందుకు? ఆలోచించగా ఆలోచించగా తట్టింది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనవాళ్ళు దేవుణ్ణి కాళ్ళ దగ్గర ఉంచుతారా? అదే మురిపెంగా రాసి పంపింది.

సంపాదకురాలి జవాబు వచ్చింది: ‘ఆసక్తిగా ఉంది. కానీ పుస్తకాలు జరిపేవారిని అడిగారా?’

కిరణ్మయికి చివుక్కుమంది. “నేనే తెలుగుదాన్ని, ఇంకెవర్ని అడగాలట?” అంది ఇంట్లో.

హైస్కూల్లో ఉన్న కూతురు రుచిత ఫోన్లోంచి తలెత్తలేదు. “మా, దట్స్ నాట్ ఎవిడెన్స్. యూ జస్ట్ గెస్డ్.”

“గెస్ ఏంటే! మన నమ్మకం అది.”

“సేమ్ థింగ్, మా.”

ఆ గురువారం లైబ్రరీ తలుపులు తీసిన దగ్గర్నుంచి కిరణ్మయి పక్క బీరువా దగ్గరే తచ్చాడింది. రిటైరై కొడుకు దగ్గరుంటున్న సత్యనారాయణమూర్తి వచ్చి, నేలమీద చతికిలబడి, ఒక్కో పుస్తకం తీసి జేబురుమాలుతో తుడిచి పైకి చేరుస్తున్నాడు.

“దేవుడు కాళ్ళ దగ్గర ఉండకూడదనేగా, అంకుల్?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. “హమ్మయ్య, నువ్వా! సెక్యూరిటీ అనుకున్నా. దేవుడికేంటమ్మా, ఎక్కడ పెట్టినా ఉంటాడు. మా వీధిలో కనకదుర్గమ్మగారు మోకాళ్ళ ఆపరేషనయ్యాక వంగలేరు. నోరు తెరిచి ఎవర్నీ అడగరు. కాసేపట్లో వస్తారు, చేతికందాలని...”

“ఆవిడకు తెలుసా?”

“తెలియనివ్వకు తల్లీ. మొహమాటంతో రావడమే మానేస్తారు.”

ఆయన వెళ్ళాక కనకదుర్గమ్మ వాకర్ తోసుకుంటూ వచ్చింది. నిలబడే స్తోత్రాల పుస్తకం అందుకుంది. “మీ లైబ్రరీవాళ్ళు చల్లగా ఉండాలమ్మా. ముసలివాళ్ళ సంగతి ఇంతగా ఎవరు కనిపెడతారు చెప్పు?”

కిరణ్మయి తలొంచుకుంది. వారం వారం దించింది తనే కదా.

మురిపెంగా రాసుకున్న వ్యాసం చేతిలోంచి జారిపోయింది. దాన్నలాగే ఉంచితే అబద్ధం. చూసింది రాస్తే ఆ పెద్దావిడ నొచ్చుకుంటుంది. నాలుగు రోజులు మథనపడి, చివరికి ఏ భాషవారైనా సరే, వచ్చిన పెద్దవాళ్ళందరినీ ఒకటే అడిగింది: అడుగు అరలో పుస్తకం మీకందుతుందా? ఒక వియత్నాం తాత నవ్వి నడుం పట్టుకుని చూపించాడు. ఒకామె, తనకు అడుగు అర ఉందనే తెలియదంది. ఆ మాటలతోనే వ్యాసం మళ్ళీ రాసింది.

పత్రిక వేసుకుంది. అది చదివిన మేనేజర్ పెద్దవాళ్ళు వాడే బీరువాలన్నింటిలో అడుగు అరలు ఖాళీ చేయించింది.

తర్వాతి గురువారం సత్యనారాయణమూర్తి ఆ ఖాళీ అర ముందు నిలబడిపోయాడు. “నా ఉద్యోగం ఊడగొట్టావు కదమ్మా!”

“సారీ అంకుల్.” పత్రిక ఆయన చేతిలో పెట్టింది.

“ఇందులో ఆవిడ పేరు లేదు కదా?”

“లేదు. మీదీ లేదు.”

“బతికించావు,” అని ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని, కళ్ళజోడు తగిలించుకుని, వ్యాసం మొదటి వాక్యం నుంచి చదవసాగాడు.