అవసరం పడని బీకన్

ఈ రోజు మధ్యాహ్నం హారిస్ పార్క్‌లో ఉండే, మా వాకింగ్ గ్రూపు నడిపే మూర్తి అంకుల్ ఇంటికి వెళ్లి, గ్రూపు బీకన్ తిరిగి ఇచ్చేశాను. అడవిలో ఆపద వస్తే దాని స్విచ్ వేయాలని, సిగ్నల్ అందుకుని హెలికాప్టర్ వచ్చేదాకా అక్కడి నుంచి కదలకూడదని చెప్పి మాకు ఇచ్చింది ఆయనే.

పోయిన శనివారం బ్లూ మౌంటెన్స్ అడవిలో నడుస్తూ జారిపడి మా ఆయన కాలు విరిగింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. వెంటనే బీకన్ స్విచ్ వేశాను. రోడ్డు మూడు గంటల నడకే అయినా నేను కదల్లేదు. మర్నాడు సాయంత్రం దాకా ఆకాశం వైపు చూస్తూ, "వచ్చేస్తారండీ" అని ఆయనకు చెబుతూనే కూర్చున్నాను. చివరికి అటుగా నడిచి వచ్చిన ఇద్దరు మమ్మల్ని చూసి సాయం తెచ్చారు.

అంకుల్ బీకన్ తిరగేసి, అడుగున అంటించిన చీటీ చదివారు.

"ఓహ్, బ్యాటరీ ఎక్స్‌పైర్ అయి టూ ఇయర్స్ అయిందమ్మా. నేను చెక్ చేయలేదు."

"మేము దీన్ని నమ్ముకునే కూర్చున్నాం అంకుల్."

"ఎనీవే, సేఫ్‌గా వచ్చేశారుగా! లక్కీగా దీని అవసరం పడలేదు."

టీ తాగి వెళ్లమన్నారు. తాగకుండా వచ్చేశాను.

ఇంట్లో మా ఆయన పిండికట్టు కాలు దిండు మీద పెట్టుకుని, "ఏమన్నారు?" అని అడిగారు. దిండు సరిచేసి, ఇది రాయడానికి కూర్చున్నాను. అవసరం పడటమంటే ఏమిటో ఇది చదివే మీలో ఎవరికైనా తెలిస్తే, దయచేసి అంకుల్‌కి ఫోన్ చేసి చెప్పండి.