ఎనిమిదిలో ఆరు వరుసలు

మొన్న కర్నూలు ఆసుపత్రిలో నా భార్య మెడ నుంచి తీసిన చిన్న గడ్డను సీసాలో వేసి, పరీక్షకు ఇచ్చి రమ్మని నా చేతిలో పెట్టారు. మూత సరిగ్గా బిగియలేదేమో, వీధి మలుపు తిరిగేసరికి ఫార్మలిన్ ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వాసనకు నాకు ఆదోని కాలేజీలోని జంతుశాస్త్రం గది, అందులో కిటికీ ముందు నిలబడిన శేషాచార్ సారు గుర్తొచ్చారు.

డెబ్బైల చివరి మాట ఇది. మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, లెక్కలు నాకు నేనే నేర్చుకుని, ఆదోనిలో ఒక పత్తి మిల్లులో తూకాల గుమాస్తాగా చేరాను. నేను అద్దెకున్న గదికి ఎదురింట్లో సారు ఒంటరిగా ఉండేవారు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. మంత్రాలయం దగ్గర గుడి సేవ చేసే కుటుంబం వాళ్లది. వేదం వదిలి పురుగులు పట్టుకున్నాడని సొంత అన్నే ఆయనను ఎత్తిపొడిచేవాడట. ఒకనాడు ఆయన నన్ను పిలిచి, "ఏమప్పా లెక్కలాయనా, కాలేజీ గోడ మీద ఒక గీత గీయాల. జంతువులు పుట్టినప్పట్నుంచి ఇయ్యాల్టి దాకా. నాకు ఈ భాగాలు చేసేది చేతగాదు" అన్నారు.

అరవై కోట్ల ఏళ్లనుకోమన్నారు. ఖచ్చితంగా ఎవరికీ తెలియదని కూడా అన్నారు. కోటి ఏళ్లకు ఒక జానెడు చొప్పున వరండా పొడవునా పురికొస పట్టి గీత గీశాం. మనిషి వంతుకు చివర కందిగింజంత చోటు మిగిలింది. మొదట్లోనే విడిపోయిన కొమ్మ, సముద్రం అడుగున రాళ్లకు అంటుకుని బతికే స్పంజిది. దాన్ని జానెడు గీసి సుద్దముక్క పక్కన పెట్టాను.

"ఇది ఈడనే ఆగిపోయింది కదా సార్, పాపం" అన్నాను.

"ఆగిపోయింటే ఇయ్యాల సముద్రంలో యాడుంటాదప్పా?" అని ఆయన సుద్దముక్క అందుకుని ఆ కొమ్మను గోడ చివరి దాకా లాగారు. "ముందు విడిపోయింది, అంతే. నువ్వు నడిచినన్ని ఏండ్లూ అదీ నడిచింది. దాని దోవ వేరే."

మొదలు నుంచి ఏ కొమ్మ చివరికి కొలిచినా కాలం ఒక్కటే. లెక్కగా చూస్తే ఎంత సులభం! తొమ్మిదో తరగతి దగ్గర ఆగిపోయినవాణ్ణని నన్ను నేను తక్కువ చేసుకుంటున్న రోజులవి. ఆ సాయంత్రం గదికి పోకుండా వరండాలోనే చాలాసేపు కూర్చున్నాను.

ఎక్కడ విడిపోయిందో తేలని ఒక్క కొమ్మను మాత్రం ఆయన చుక్కలతో గీయించారు. అది దువ్వెన జెల్లీ అనే సముద్రజీవిది. గాజులాంటి మెత్తని ఒళ్లు, దాని మీద నిలువునా ఎనిమిది వరుసల సన్నని దువ్వెనలు. ఆ దువ్వెనలు ఆడించుకుంటూ ఈదుతుంది. వెలుతురు పడితే వరుసల వెంట ఇంద్రధనుస్సు పారుతుందట. జెల్లీచేపలా కుట్టదు, జిగురుతో తిండిని పట్టుకుంటుంది. మెదడు లేదు గానీ నరాలున్నాయి. స్పంజికి అవీ లేవు. "పుస్తకం దీన్ని జెల్లీచేప పక్కన పెట్టమంటాది. నాకు మనసొప్పదు" అనేవారు సారు. కానీ ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదు. "ముప్పై ఏండ్లుగా చూడనిదాన్ని చూసినట్టే బోర్డు మీద గీస్తాండాను. మార్చిలో రిటైరవుతాను. ఒక్కసారి బతికున్నదాన్ని చూసి, పిల్లోళ్లకు చూపించి పోవాలప్పా."

ఆ మార్చిలోనే మిల్లు నన్ను పత్తి నమూనాలతో మద్రాసు పంపింది. వెడల్పు మూతి సీసా ఒకటి సారు నా సంచిలో పెట్టారు. మద్రాసులో జాలర్లను బతిమాలితే, వలలో పడితే పారేసే దువ్వెన జెల్లీలను మూడింటిని సముద్రపు నీళ్లతో సహా పట్టిచ్చారు. సీసాకు తడి గోనెపట్టా చుట్టుకుని రైలెక్కాను. రేణిగుంట దాటేసరికి రెండు కరిగిపోయాయి. ఆదోని స్టేషన్లో సారు ప్లాట్‌ఫారం చివరి దాకా ఎదురొచ్చారు. నా ముఖం చూడలేదు, సీసానే చూశారు.

"ఉందా?"

"ఒకటుంది సార్. నీరసంగా ఉంది."

ఆదివారం. కాలేజీలో ఎవరూ లేరు. సీసాను కిటికీలో పెట్టి గోనెపట్టా విప్పాం. వెలుతురు తగలగానే దాని ఒంటి మీద ఒక వరుస వెంట రంగు పైనుంచి కిందికి జారింది. సారు "అయ్యో" అన్నారు, అంతే. మరుక్షణమే ఆయన ముఖం మారిపోయింది. "రేపటి దాకా ఉండదు ఇది. పిల్లోళ్లు చూడకనే పోతాది" అంటూ లోపలి గదిలోకి పరుగెత్తారు. ఆయన తాళంచెవుల కోసం వెతుకుతున్నంతసేపూ నేను కిటికీ దగ్గరే ఉండి చూశాను. సారు ఫార్మలిన్ డబ్బాతో వచ్చారు.

"సార్, దీంట్లో అది నిలవదని మీరే కదా చెప్పింది!"

"కొంచెమే పోస్తానప్పా. కొంచెమే."

చేతికొచ్చిన ప్రతి జీవినీ ముప్పై ఏళ్లు అందులోనే వేసిన చెయ్యి అది. పోసేసింది. అంచులు ముందు తెల్లబడ్డాయి. తర్వాత దువ్వెనలు ఊడాయి. కాసేపటికి సీసాలో కలిపిన గంజినీళ్లలాంటి మసక తప్ప ఏమీ లేదు. సారు డబ్బా మూత పెట్టడం కూడా మరిచి అట్లాగే నిలబడ్డారు.

మరునాడు ఆ సీసాను అలాగే క్లాసుకు తీసుకుపోయారట. ఆ క్లాసు కుర్రవాడే తర్వాత నాకు చెప్పాడు. "సార్, నీళ్లకు గూడా మార్కులుంటాయా?" అని ఎవడో అరిస్తే అందరికంటే ముందు సారే నవ్వారట. నవ్వి, బోర్డు వైపు తిరిగి, ఆ గంటంతా ఏమీ గీయలేదట.

రిటైరయ్యాక ఆయన ఎమ్మిగనూరులో చెల్లెలి ఇంట్లో ఉన్నారు. ఊరికి పోయినప్పుడల్లా కలిసేవాణ్ణి. ఏనాడూ ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ఎనభైలలో మంచాన పడ్డాక, ఒకనాడు గోడ వైపు తిరిగే అడిగారు.

"నేను లోపలికి పోయినప్పుడు నువ్వు చూసినావు కదా. ఎన్ని వరుసలు ఆడతాండె?"

ఎనిమిదంటే ఆయనకు హాయిగా ఉంటుందని తెలుసు. నోటి దాకా వచ్చింది కూడా.

"ఆరు సార్. రెండు దోవలోనే చినిగిపోయింటాయి."

సారు నెమ్మదిగా ఇటు తిరిగారు. "నేను ఒక్కటే చూసినా. ఎనిమిది గీసినా. నువ్వు ఆరు చూసినావు. ఎవరడిగినా ఆరే చెప్పు."

ఆ వానాకాలంలోనే పోయారు. ఇప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు దువ్వెన జెల్లీ కొమ్మే స్పంజి కంటే ముందు విడిపోయిందంటున్నారని, మరికొందరు కాదంటున్నారని పేపర్లో చదివాను. ఇంకా తేలలేదట. ఆయన చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. ఈ కథ చెప్పినప్పుడల్లా చదువుకున్నవాళ్లెవరో ఒకరు, దానికి ఉండేది ఎనిమిది వరుసలని నన్ను సరిదిద్దుతారు. నిజమే, ఎనిమిదే ఉంటాయి. నేను చూసింది ఆరు.