చెంబు నీళ్లూ ఎర్రకారూ

“జర గిటు రావే, నా పక్కన కూసో.”

“నేను కూసుంటే మంచం ఒరుగుతదయ్యా.”

“ఒరగనియ్యి. లేచినంక సీదా చేస్త.”

దవాఖానలో మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలివే. ఆయన లేవలేదు. పోయే మనిషితో మంచం ఒరగడం గురించి మాట్లాడతారా అని మా చెల్లెలి బిడ్డ అడుగుతోంది (నాకు సంతకం తప్ప రాదు, ఇది రాస్తున్నది తనే). దానికి ఆ ఎర్రకారు సంగతి తెలియదు.

ఆ రోజుల్లో తెలంగాణ కోసం బంద్ పిలుపు వచ్చిందంటే అందరూ ఇళ్లలో ఉండేవారు, మా ఆయన మాత్రం రోడ్డు ఖాళీగా దొరికిందని సంబరపడేవాడు. పెద్ద గ్యారేజీలో పని నేర్చుకుని హఫీజ్‌పేటలో సొంతంగా రేకుల షెడ్డు పెట్టాడు. వచ్చేవన్నీ ఆటోలే. అలాంటి షెడ్డుకు ఒక సాఫ్ట్‌వేర్ సారు నేలను నాకుతున్నట్టుండే ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చి, “మలుపు తిరిగితే వెనకభాగం జారిపోతోందండి. రేపు సాయంత్రానికి కుదిరితే మా స్నేహితుల కార్లూ మీ దగ్గరికే వస్తాయండి” అన్నాడు. ఆ రేపే బంద్. మా ఆయన వెనక స్ప్రింగులు మెత్తగా చేసి, టైర్లలో గాలి కాస్త తగ్గించి, నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి ఒళ్లో చెంబెడు నీళ్లు పెట్టాడు. ఖాళీ రోడ్డు మీద ఆయన మలుపులు తిప్పుతుంటే నీళ్లు ఎటు ఒలికాయో నేను చెప్పాలి. కారెక్కుతున్నానని కట్టుకున్న నా పెళ్లిచీర తడిసేది, ఆయన దిగి స్ప్రింగు తిప్పేవాడు, మళ్లీ తడిసేది. ఎవరైనా అద్దం మీద రాయి వేస్తే షెడ్డుకు తాళమే అని నేను సందుల వైపే చూస్తూ ఉండేదాన్ని. మధ్యాహ్నానికి ఒక్క చుక్కా ఒలకడం లేదు.

అంతలో రాయదుర్గం దారిలో రోడ్డు మధ్యనే పొయ్యిలు. బంద్ కోసం దారికి అడ్డంగా వంటావార్పు చేస్తున్న ఆడవాళ్లు కారును చుట్టుముట్టారు. “బంద్‌నాడు షికారా? ఏందే గీ కారు?” అంది గరిటె పట్టుకున్న పెద్దామె.

“మాది కాదక్కా. ఒరుగుతున్నదని మా ఆయన సీదా చేస్తున్నడు.”

“చెంబెందుకు?”

“ఒరుగుతుందో లేదో సూడనీకి.”

ఆమె నవ్వింది. “సరే, ఆయనను తిప్పుకోనియ్యి. నువ్వు దిగి ఉల్లిగడ్డలు కొయ్యి.”

దిగాను. ఆయన ఒక్కడే మలుపు దాకా వెళ్లాడు. కీచుమని చప్పుడు. కత్తిపీట వదిలి పరుగెత్తాను (కన్నీళ్లు ఉల్లిగడ్డలవేనని ఇప్పటికీ అంటాను). కారు అడ్డం తిరిగి ఆగి ఉంది. గీత పడలేదు గానీ ఆయన దిగి నా ఖాళీ సీటు వైపే చూస్తున్నాడు.

“నువ్వు పక్కన కూసున్న బరువు లెక్కన కుదిర్చిన. ఆ సారు ఒక్కడే నడుపుతడు గద” అని తల పట్టుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి, రోడ్డు పక్కనే, తలా ఒక సలహా ఇస్తుంటే, ఖాళీ సీటుతో కుదిర్చాడు.

సాయంత్రం సారు ఒక్కడే నడిపి వచ్చి, “భలే కుదిరిందండీ, ఏం చేశారు?” అన్నాడు.

“మా ఇంటామెను దించేసిన సార్.”

ఆ మాటకు వారం రోజులు అలిగాను. ఇప్పుడు ఆటో ఎక్కితే ఆయన చోటు వదిలి ఒక పక్కకు జరిగి కూర్చుంటాను. ఆటో ఒరిగినా ఒరగనిస్తాను. రాసినవా బిడ్డా? ఏం చేశారని ఆ సారు అడిగిండు చూడు, గక్కడి నుంచి ఒకసారి చదువు.