రెండు బోర్డుల మధ్య

ఇనుప స్తంభం ఒకటి, పోలీసు స్టేషన్ల హద్దు బోర్డులు రెండు, రంగు డబ్బాలు మూడు, పెయింటర్ యాకూబ్, గొయ్యి తవ్వే కూలీలు ఇద్దరు, ఒక జీపు, దాని నీడలో కునుకు తీస్తున్న డ్రైవర్, చేతిలో జీపీఎస్ యంత్రంతో నేను. ములకలపల్లి వైపు పోయే అడవి రోడ్డు మీద ఈ ఉదయం ఉన్నది ఇంతే. యాకూబ్ టర్పెంటైన్ డబ్బా మూత తీశాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే షమీమ్ మేడమ్ గది గుర్తుకొచ్చింది. పోలీసు వాహనాలకు రంగులు వేసే షెడ్డు ఆ గది పక్కనే ఉండేది. కిటికీ మూస్తే ఉక్కపోత, తెరిస్తే టర్పెంటైన్. మేడమ్ తెరిచే ఉంచేవారు. "ఉక్కకు తలకాయ నొస్తది. వాసనకైతే ఊకె తుమ్ములే గదా" అనేవారు.

షమీమ్ మేడమ్ ఇన్‌స్పెక్టర్. ఖమ్మంలో తాతల కాలం నుంచి ఖాకీ బట్టలు కుడుతున్న దర్జీల కుటుంబం ఆమెది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆమెను బందోబస్తు పనుల నుంచి తప్పించి, నగర పోలీసు కార్యాలయంలో ఒక మూల గది ఇచ్చి, శాఖ చరిత్ర రాసే పని అప్పగించారు. ఏ స్టేషన్ ఏ స్టేషన్‌ నుంచి విడిపోయింది, ఏ సర్కిల్ ఏ డివిజన్‌లో కలిసింది, ట్రాఫిక్, మహిళా, సైబర్ విభాగాలు ఎలా మొదలయ్యాయి, ఉమ్మడి జిల్లా రెండుగా అయినప్పుడు ఏ పల్లెలు ఇటు వచ్చాయి, ఏవి అటు పోయాయి అన్నది పటాలతో సహా పుస్తకంగా రావాలి. ఆ పటాలు గీయడానికి నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి, కంప్యూటర్‌లో పటాలు గీయడం నేర్చుకున్నాను. మేడమ్ నన్ను పేరు పెట్టి పిలిచిన సందర్భం ఒక్కటీ గుర్తులేదు. ఆమెకు నేను ఇంజనీరునే.

మొదటి నెలలో ఒక పెద్ద చిత్రం తయారుచేసి గోడకు అంటించాను. పైన పట్టణంలోని పాత ఠాణా, దాని కింద గీతలు, గీతల చివర గళ్లు, ఒక్కో గడిలో ఒక స్టేషనో విభాగమో. మేడమ్ కుర్చీ వెనక్కి జరిపి చాలాసేపు చూశారు.

"మంచిగున్నది. స్టేషన్ ఎట్ల పుడతదో తెలుసా ఇంజనీరూ?"

"ప్రభుత్వ ఉత్తర్వుతో మేడమ్."

"అది బారసాల. పుట్టుక గాదు. ముందుగాల ఒక లొల్లి అయితది. ఆ లొల్లి కాడ ఇద్దరు కానిస్టేబుళ్లను కూసోబెడతరు. వాళ్లకొక రేకుల షెడ్డు, షెడ్డుకొక ఫోన్. ఫోన్ మోగుడు వెట్టినంక అప్పుడు నీ ఉత్తర్వు." తర్వాత గళ్ల మధ్యనున్న తెల్లటి జాగాను వేలితో చూపించారు. "ఈడ ఎవరుంటరు?"

అది కాగితం ఖాళీ మేడమ్ అన్నాను. ఆమె నవ్వి టీ తెప్పించారు.

ఆమె పని చేసే తీరు ఒకటి ఉండేది. ఏ స్టేషన్ గురించి రాయాలన్నా అక్కడికి వెళ్లి, గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లను ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ బస్సు ఎక్కారు అని అడిగేవారు. బూర్గంపాడు దాకా ఇలాగే తిరిగాం. ఉపగ్రహ చిత్రంలో అన్నీ కనిపిస్తాయి కదా, మోకాలి నొప్పితో ఇంత తిరగడం ఎందుకని ఒకసారి అడిగాను. "మా అబ్బా టైలర్. మనిషి వచ్చి నిలవడితేనే కొలత తీస్తుండె. ఎస్పీ అయినా సరే, పాత చొక్కా పంపిస్తే వాపసు పంపిస్తుండె. చొక్కా లోపటి మనిషి నిరుటి మనిషి గాదు అనేటోడు" అన్నారు. నాకు అప్పుడు అది చాదస్తంగానే అనిపించింది.

ముత్తయ్య ఆ వేసవిలో మా గదికి వచ్చాడు. నిజానికి అతను వెతుకుతున్నది మంచినీళ్ల కుండను. చేతిలో కొడుకు ఫొటో, భుజం మీద తువ్వాల. జీడితోట గుంపు మనిషి. అడవి అంచున ఇరవై ముప్పై ఇళ్లుండే పల్లెను మా వైపు గుంపు అంటారు. కొడుకు నరేష్ మిర్చి కోతకు పక్క రాష్ట్రం వెళ్లాడు. కూడా వెళ్లినవాళ్లు తిరిగి వచ్చారు, అతను రాలేదు, ఫోన్ పలకడం లేదు.

"స్టేషన్ల చెప్పినవా ముత్తయ్యన్నా?" అని మేడమ్ అడిగారు.

"చెప్పిన మేడమ్. ఈడి స్టేషనోళ్లు మా బోర్డు మీ గుంపుకు ఇవతల్నే అయిపోయింది, అవతలి జిల్లాకు పో అన్నరు. ఆడికి పోతే మా బోర్డు మీ గుంపు దాటినంక షురువైతది, ఎనక్కి పో అన్నరు. బస్సోడు గూడ నవ్వుతుండు, ఏంది తాతా, పాస్ తీసుకున్నవా అని."

నేను వెంటనే కంప్యూటర్ వైపు తిరిగాను. "ఆ గుంపు ఎవరి పరిధో ఇప్పుడే తేల్చేస్తాను మేడమ్."

"అది తేలితే పిలగాడు దొరుకుతడా?" అంటూ ఆమె లేచారు. "జీపు పిలువు."

రోడ్డు మీదికి వెళ్లాక సంగతి బోధపడింది. ఒకప్పుడు రెండు బోర్డులూ ఒకేచోట పక్కపక్కన ఉండేవట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కాంట్రాక్టర్ మనుషులు రెండింటినీ పీకి, పని అయ్యాక గొయ్యి తవ్వడానికి వీలైన మెత్తటి నేల చూసుకుని చెరొక చోట పాతేశారు. మధ్యలో కిలోమీటరు పైచిలుకు రోడ్డు, దాని పక్కన జీడితోట గుంపు. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఎస్సైలకు బోర్డే హద్దు. మేడమ్ ముందే ఫోన్ చేయడంతో ఇద్దరు ఎస్సైలూ వచ్చారు గానీ, ఎవరి బోర్డు దగ్గర వారు జీపులు ఆపుకుని నిలబడ్డారు. మేడమ్ కుంటుకుంటూ ముత్తయ్య ఇంటికి వెళ్లి, వాకిట్లో మంచం మీద కూర్చుని ఇద్దరికీ మళ్లీ ఫోన్ చేశారు.

"నేను ఈడ కూసున్న. ఈ ఇంటి అమ్మ టీ పెడుతున్నది. మీరొస్తరా, నన్నే నడిచి రమ్మంటరా? మోకాలు సుతం బాగలేదు."

ఇద్దరూ వచ్చారు. టీ గ్లాసులు చేతికి వచ్చాక మేడమ్ చాలా మామూలుగా అడిగారు. "ఇప్పుడు ఈ జీడిచెట్టు కొమ్మ ఇరిగి నా మీద పడ్డదనుకో. కేసు ఎవరిది?"

మా వైపు ఎస్సై నవ్వాడు. "మీ మీద పడితే మాదే మేడమ్."

"లేదు మేడమ్, మాది" అన్నాడు రెండో ఆయన.

"ముత్తయ్యన్న మీద పడితే?"

ముత్తయ్య భార్య గ్లాసులు తీసుకోవడానికి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"పరిధి ఏదైనా ఫిర్యాదు రాసుకోవాలె. మీరిద్దరు చదివి పాసైన కానూనే. ముందుగాల రాయిండ్రి, ఎవరిదో తర్వాత కొట్లాడుకుందురు" అన్నారు మేడమ్. మా వైపు ఎస్సై ఆ మంచం మీదే ఫిర్యాదు రాసుకున్నాడు. ఆ సాయంత్రానికి కేసు నమోదైంది, నరేష్ ఫొటో పక్క రాష్ట్రం స్టేషన్లకు వెళ్లింది. వారం తిరగకముందే జవాబు వచ్చింది. ట్రాక్టర్ మీద నుంచి పడి, తలకు, కాలికి దెబ్బలు తగిలి, పేరు చెప్పలేని స్థితిలో అక్కడి ప్రభుత్వ దవాఖానాలో ఉన్నాడు. కాలికి చీము పట్టింది. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వచ్చేదని డాక్టర్ ముత్తయ్యతో అన్నాడట. కాలు నిలిచింది, కొద్దిగా కుంటు మిగిలింది. ఆ మాట విని మేడమ్ "నాకు జోడీ దొరికిండు" అన్నారు. అంతకు మించి ఆ విషయం ఆమె మళ్లీ ఎత్తలేదు, పుస్తకంలోనూ రాయలేదు.

పుస్తకం అచ్చయింది. ముందుమాటలో ఆమె పేరు లేదు, అలా లేకపోవడం శాఖలో మామూలే. ఆమె రిటైరయ్యారు. మరుసటి వానాకాలంలో గుండెపోటుతో పోయారు. నేను వెళ్లేసరికి ఇంటి ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేదు. బోర్డులను సరిచేయాలని ఆమె పంపిన ప్రతిపాదన రెండు జిల్లాల ఆఫీసులూ తిరిగి ఇప్పటికి మంజూరైంది. పాత పటం ప్రకారం అసలు హద్దు గుంపు దాటాక వచ్చే కల్వర్టు. గుంపు మా వైపే. ఇప్పుడు రెండు బోర్డులూ ఒకే స్తంభానికి, వీపులు ఆనించి, ఈ కల్వర్టు దగ్గరే బిగిస్తారు.

హద్దు గీయాల్సి వస్తే నేను ఇప్పుడు ముందు బస్సెక్కుతాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. ఎవరైనా దారి తప్పి మా గదికి వస్తే ఏ పరిధి అని అడగను, ఏమైంది అని అడుగుతాను. ఈ రెండూ ఆమెవే. వాదనలో ఎదుటివాళ్లను నవ్విస్తూనే మూలకు నెట్టడం కూడా నేర్చుకుందామని ప్రయత్నించాను, అది రాలేదు.

స్తంభం నిలబెట్టాక, రంగు ఆరేలోపు గుంపులోకి నడిచాను. కొత్త ముద్రణ కోసం ఇళ్లు లెక్కపెట్టాలి. ముత్తయ్య ఇంటి పక్కన కొత్త రేకుల ఇల్లు లేచింది. కొద్దిగా కుంటుతూ ఒకతను గోడకు సున్నం వేస్తున్నాడు, ఒకామె బకెట్ పట్టుకుని ఇక్కడ పలచగా ఉంది, అక్కడ పలచగా ఉంది అని వంకలు పెడుతోంది. "ఎన్ని రాసుకున్నవ్ సారూ? మాది మర్చిపోకు" అన్నాడతను. పాత ముద్రణకు మేడమ్ పెట్టిన లెక్కలో ఇరవై మూడు. ఇప్పుడు ఇరవై నాలుగు.